నల్లగుత్తుల తొలికాపు

ఎన్నాళ్ళ కిందటో ఎవరికీ గుర్తులేదు. మనకు తెలిసిన నదులూ కొండలూ అన్నీ దాటిపోతే ఒక మంచుదేశం వస్తుంది. ఆ దేశంలో ఒక లోయ, ఆ లోయలో ఒక వీధి. ఆ వీధిలో కాపురమున్న పెద్దవాళ్ళెవరూ ఆ లోయలో పుట్టినవాళ్ళు కారు.

వాళ్ళది ఎండలు కాసే సముద్రపు ఒడ్డు. వానలు మొహం చాటేసి, బావులెండిపోయి, పశువులు రాలిపోతే, మూటాముల్లె సర్దుకుని పిల్లల్ని చంకనేసుకుని నడుచుకుంటూ వచ్చారు. మంచుదేశపు రాజు దయగలవాడు. "ఆ లోయ ఖాళీగానే ఉంది. ఇళ్ళు కట్టుకోండి, పెరళ్ళు వేసుకోండి, చల్లగా బతకండి" అన్నాడు.

ఇళ్ళు లేచాయి. పెరళ్ళే లేవలేదు.

మొదట మామిడి టెంకలు పాతారు. ఎర్రటి చిగురు వేశాయి. మొదటి మంచు పడగానే ఆ చిగురు నల్లబడి వాలిపోయింది. తర్వాత జామ వేశారు. అది మోకాలెత్తు ఎదిగి, నిలువునా ఎండిపోయింది. తర్వాత రేగు గింజలు చల్లారు. అవి మొలవనే లేదు. బీర, గుమ్మడి పాదులు మాత్రం ఎండాకాలంలో నాలుగు కాయలు కాసేవి. వాటిని కోతులు పిందెలప్పుడే కొరికి పారేసేవి.

"మన పిల్లలకు చెట్టున పండిన పండు రుచి తెలియకుండానే పోతుందా?" అని తల్లులు బెంగపెట్టుకున్నారు.

అప్పుడు వీధికి పెద్ద అయిన సింగన్న ఒకనాడు వాగు ఒడ్డున ఒక పొద చూశాడు. గొడుగుల్లాంటి తెల్లని పూలగుత్తులు. పూలు రాలినచోట మిరియమంత కాయలు. అవి పండాక నల్లగా, నిగనిగలాడుతూ, గుత్తులు గుత్తులుగా కిందికి వేలాడాయి. సింగన్న వాటికి నల్లగుత్తులని పేరు పెట్టాడు. కొమ్మలు విరిచి తెచ్చి ఇంటింటి పెరట్లోనూ తడినేలలో గుచ్చాడు. గుచ్చినవి గుచ్చినట్టే బతికాయి. ఒక మంచు గడిచింది, రెండో మంచు గడిచింది. మూడో ఎండాకాలానికి పెరళ్ళన్నీ పూశాయి, కాశాయి.

వింత ఏమిటంటే, ఒక్క కోతి కూడా వాటి జోలికి రాలేదు.

"చూశారా! కోతుల బెడద లేని చెట్టు! దేవుడు మనకోసమే పెంచాడు" అని సింగన్న వీధంతా తిరిగి చెప్పాడు. అందరూ సంతోషించారు.

సంతోషించనిది ఒక్క వర్ధనమ్మ.

వర్ధనమ్మకు ఒక్కతే కూతురు, నీలాలు. నాలుగేళ్ళది. ఆ పిల్లకు పాలు ఇవ్వాలంటే వర్ధనమ్మ ముందు వాసన చూసేది, తర్వాత చుక్క నాలిక మీద వేసుకునేది, అప్పుడు ఇచ్చేది. వాగు నీళ్ళు కాచనిదే పట్టేది కాదు. వీధివాళ్ళు నవ్వేవాళ్ళు. "వర్ధనమ్మ గాలిని కూడా వడకట్టి పీలుస్తుంది" అనేవాళ్ళు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. భయాన్ని మాత్రం వదిలేది కాదు. సొంత ఊళ్ళో ఏ ఆకు మంచిదో, ఏ కాయ చెడ్డదో అమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది. ఇక్కడ చెప్పేవాళ్ళెవరు?

ఆ దేశపు అసలు మనుషులు గొర్రెలకాపరులు. మంచు కరగగానే మందలతో పైకొండలకు వెళ్ళిపోతారు. మళ్ళీ మంచు పడేనాటికి గాని దిగరు. వాళ్ళు దిగేసరికి పొదల మీద ఆకు కూడా మిగలదు. ఇక దేన్ని చూపించి అడుగుతారు?

అదీగాక, ఆ వీధివాళ్ళకు సముద్రపు ఒడ్డునుంచి తెచ్చుకున్న ఆచారం ఒకటి ఉంది. చెట్టు తొలిసారి కాస్తే ఆ కాపుకు నిప్పు తగలకూడదు. ఉడకబెట్టకూడదు, కాచకూడదు. తెంపింది తెంపినట్టు వీధిలో అందరికన్నా చిన్నబిడ్డ నోట్లో పెట్టాలి. ఆ తర్వాత తక్కిన పిల్లలు, చిట్టచివర పెద్దలు. చిన్నబిడ్డ తల్లి పండ్లబుట్ట పట్టుకుని పక్కన నిలబడాలి. అలా చేస్తే చెట్టు ఏటా విరగకాస్తుందని వాళ్ళ నమ్మకం.

ఆ వీధిలో అందరికన్నా చిన్నబిడ్డ నీలాలు.

తొలికాపు పండగను పున్నమికి పెట్టారు. పున్నమి ఇంకెంతో దూరం లేదు. వర్ధనమ్మకు ముద్ద దిగడంలేదు. అడగడానికి మనుషులు లేకపోతే పెరట్లో తిరిగేవాళ్ళనే అడుగుదామనుకుంది.

మొదట గోరింక కనబడింది. గుత్తి మీద వాలి, ఒకటి తర్వాత ఒకటి పండ్లు మింగుతోంది.

"గోరింకా, గోరింకా, ఇవి తింటే నీకేమీ కాదా?"

"ఏమవుతుంది? పొద్దునా తిన్నాను, ఇప్పుడూ తింటున్నాను. నా వన్నె చూడు!"

వర్ధనమ్మ ప్రాణం కొంచెం కుదుటపడింది. అయినా ఇంకొక్క మాట అడిగింది. "ఎలా తింటావు?"

"ఎలా ఏమిటి? గుటుక్కున మింగుతాను. నమలడానికి నాకేం పళ్ళున్నాయా? గింజ వెళ్ళింది వెళ్ళినట్టే బయటికొస్తుంది. కావాలంటే చూడు!" అని ఆమె భుజం మీదే రుజువు వదిలి తుర్రుమంది.

వర్ధనమ్మ భుజం కడుక్కుంటూ ఆలోచించింది. 'నా బిడ్డకు పళ్ళున్నాయి. కరకర నములుతుంది. గోరింక మాట నాకు పనికిరాదు.'

తర్వాత పొరుగింటి గవరమ్మ మేక కనబడింది. అది నల్లగుత్తి ఆకులు తాపీగా నములుతోంది.

"మేకా, మేకా, నువ్వు నమిలే తింటున్నావు కదా. నీకేమీ కాదా?"

మేక నవ్వింది. "అడగడానికి నీకు నేనే దొరికానా తల్లీ? మన ఊళ్ళో ఉన్నప్పుడు నేను జిల్లేడాకులు నమిలేదాన్ని. మొన్న మా గవరమ్మ చీరకొంగు నమిలాను. నాకు అరిగిందని నీ బిడ్డకు పెడతావా?"

'మేక అయినా నిజం చెప్పింది' అనుకుంది వర్ధనమ్మ. భయం ఇంకా పెరిగింది.

మూడోసారి ఆమె గోడ మీద కూర్చున్న ముసలి కోతి దగ్గరికి వెళ్ళింది. చేతులు జోడించింది.

"ఓహోహో!" అంది కోతి. "బీరపాదు దగ్గర రాళ్ళు విసిరే చేతులు ఇవాళ దండం పెడుతున్నాయే! ఏమొచ్చింది?"

"రాళ్ళు వేసిన మాట నిజమే. తప్పే అనుకో. నువ్వూ బిడ్డల తల్లివే, ఒక్క మాట చెప్పు. చేదు బీరకాయను కూడా వదలని మీరు ఈ నిగనిగలాడే పండును ఎందుకు వదిలేశారు?"

కోతి నవ్వు ఆగిపోయింది. తోక ముడుచుకుని గోడ అంచుకు జరిగింది.

"మా పొట్టా మీ పొట్టా ఇంచుమించు ఒక్కటే. అందుకని చెబుతున్నాను, విను. నా మనవడూ మనవరాలూ ఒకప్పుడు వాగు ఒడ్డున ఈ గుత్తులు తెంపి కసాబిసా నమిలారు. పండూ కాయా చూసుకోలేదు, కాడ కూడా వదల్లేదు. పొద్దు వాలేసరికి కడుపులు పట్టుకుని కొమ్మల మీదినుంచి జారిపడ్డారు. పిల్లాడు ఎలాగో లేచాడు. పిల్ల మరీ చిన్నది. అది లేవలేదు."

వర్ధనమ్మ పెరటి వైపు తిరిగి చూసింది. "అయితే ఈ చెట్టు విషమా? అన్నీ పీకించేయమంటావా?"

"తొందరపడకు. కాపరులు పైకొండల మీద ఈ పండ్లనే కోసి ఎండబెట్టి దాచుకుంటారు. మంచు పడ్డాక వాళ్ళ ఇళ్ళ కప్పుల మీద కూర్చుని చూశాను. కాడలన్నీ తీసేస్తారు, పచ్చివి ఏరి పారేస్తారు. నల్లగా పండినవి నీళ్ళలో వేసి తెర్లి తెర్లి మరిగేదాకా కాస్తారు. వడకట్టి, తేనె కలిపి, దగ్గొచ్చిన పిల్లలకు తాగిస్తారు. ఒక్క పిల్లకీ ఏమీ కాలేదు. మాకు లేనిదీ మీకున్నదీ ఒక్కటే కదమ్మా, పొయ్యి. వెళ్ళి దాన్ని వెలిగించుకో."

వర్ధనమ్మ గబగబా సింగన్న ఇంటికి పరుగెత్తింది. సింగన్న అరుగు మీద పండగ బుట్టకు దారం చుడుతున్నాడు. గవరమ్మ పక్కన కూర్చుని పూలు గుచ్చుతోంది.

"మావయ్యా! ఆ పండ్లు పచ్చివి పెట్టకండి. కాచి వడకట్టాకే పిల్లలకు ఇవ్వాలి" అని జరిగిందంతా చెప్పింది.

సింగన్న దారం ఆపలేదు. "ఏమే కోడలుపిల్లా, తొలికాపుకు నిప్పు తగిలించమంటావా? మా తాత చెయ్యలేదు, మా అయ్య చెయ్యలేదు. నీకెవరు చెప్పారన్నావ్, కోతా?"

గవరమ్మ పకపకా నవ్వింది. "పోనీలే మావా, ఈసారి పండగకి కోతినే పెద్దగా పెట్టుకుందాం. వదినా, నువ్వు వెళ్ళి దానికి తలపాగా చుట్టు!"

"నవ్వుకోండి, నవ్వినా ఫరవాలేదు. పండగ కొన్నాళ్ళు ఆపండి చాలు. కాపరులు దిగాక వాళ్ళనే అడుగుదాం."

"వాళ్ళు దిగేసరికి పండ్లన్నీ రాలిపోతాయి" అన్నాడు సింగన్న. ఆయన గొంతు మెత్తబడింది. "చూడమ్మా, మూడేళ్ళుగా పిల్లలు చెట్ల చుట్టూ తిరుగుతున్నారు. నడిచొచ్చేటప్పుడు వీళ్ళలో సగంమందిని ఈ భుజాల మీదే మోశాను. వాళ్ళకు చెడు జరిగేది నేను పెడతానా?"

ఆయన మంచివాడే. అందుకే వర్ధనమ్మకు ఇంకా భయం వేసింది. చెడ్డవాడితో పోట్లాడవచ్చు, ప్రేమతో పండు పట్టుకుని నిలబడినవాడితో ఏం పోట్లాడుతుంది?

పండగ ముందురోజు సాయంత్రం భర్త కోదండం ఆమె పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "వర్ధనా, ఇంత బాధెందుకు? నీలాలుకు జ్వరమని చెప్పి రేపు ఇంట్లోనే పడుకోబెడదాం. ఒక్క పూట అబద్ధం. మన బిడ్డ బతుకుతుంది, ఎవరితోనూ గొడవుండదు."

వర్ధనమ్మ కాదనలేదు. కాదనబుద్ధి కాలేదు. బిడ్డను గుండెలకు అదుముకుని 'అంతే, అదే మంచిది' అనుకుంది. జ్వరమొచ్చిన పిల్లకని దుప్పటి కూడా తీసింది.

అంతలో గవరమ్మ కొడుకు బుచ్చి గుమ్మంలోకి వచ్చాడు. అయిదేళ్ళవాడు. "అత్తా, నీలాలును ఆటకి పంపు. రేపు పండు మొదట దానికి, తర్వాత నాకే! మా అమ్మ చెప్పింది" అన్నాడు, గంతులు వేస్తూ.

వర్ధనమ్మ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. నీలాలు రాకపోతే మొదటి పండు వీడి నోట్లో పడుతుంది. బుట్ట పట్టుకుని నిలబడేది గవరమ్మ. అప్పుడిక తను నోరు తెరిచినా ఎవరూ వినరు. జ్వరమొచ్చిన పిల్ల తల్లికి అక్కడేం పని అంటారు.

ఆమె దుప్పటి మడత పెట్టింది. "ఏవండీ, అబద్ధం నావల్ల కాదు. రేపు నీలాలును తీసుకునే వెళ్తాను."

"పిచ్చా నీకు? తీరా వాళ్ళు పెట్టేస్తే?"

"బుట్ట నా చేతిలో ఉంటుంది" అంది వర్ధనమ్మ.

తెల్లవారింది. డప్పులు మోగాయి. పిల్లలంతా కొత్తబట్టలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. వరసలో మొదట నీలాలు, దాని వెనక బుచ్చి. వర్ధనమ్మ బుట్ట పట్టుకుంది. సింగన్న ఒక గుత్తి తీసి నీలాలు ముందు వంగాడు. "ఆ అను తల్లీ!"

నీలాలు నోరు తెరిచింది. వర్ధనమ్మ తన అరచేతితో ఆ నోరు మూసింది.

డప్పులు ఆగిపోయాయి.

"ఈ పండ్లు కాచకుండా తింటే పిల్లలకు ప్రమాదం" అంది వర్ధనమ్మ, వీధంతా వినేలా. "నా బిడ్డకే కాదు, అందరికీ. నా మాట తప్పయితే నన్ను తిట్టండి, వీధిలోంచి వెళ్ళగొట్టండి. ఈ బుట్ట మాత్రం నేనివ్వను."

"మంచుదేశంలో వెలివేస్తే ఎక్కడికి పోతావే?" అని ఎవరో అరిచారు. బుట్ట మీద ఆమె చేతులు సడలలేదు.

సింగన్న మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళు బతికి, నేను పిల్లలకు విషం పెడతానన్న మాట పడ్డాను. సరే! ఆచారం తప్పినా సరే, ముందు నేనే తింటాను."

"వద్దు మావయ్యా! మీకు మాత్రం ఆ ప్రమాదం ఎందుకు?" అని ఆమె ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు. బుట్టలోంచి ఒక పిడికెడు, ఇంకొక పిడికెడు, పండూ కాయా కాడా అన్నీ కలిపి నోట్లో వేసుకుని నమిలి మింగాడు.

"ఎలా ఉంది మావా?" అంది గవరమ్మ.

"కాస్త వగరు. అంతే."

"ఇంకేం, పిల్లలకు పెట్టండి!"

"ఆగండి! పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆగండి. అప్పటికీ ఆయన బాగుంటే బుట్ట మీకే ఇచ్చేస్తాను" అని వర్ధనమ్మ బతిమాలింది.

ఆగారు. చాపలు వేసుకుని కూర్చున్నారు. సింగన్న మీసం దువ్వుకుంటూ పాత కబుర్లు చెప్పాడు. గోడనీడ మెల్లగా కురచబడుతోంది. ఆయనకేమీ కాలేదు. పిల్లలు ఆకలని గోల మొదలుపెట్టారు. ఒకరిద్దరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. కోదండం తల దించుకున్నాడు. వర్ధనమ్మకు తన మీద తనకే అనుమానం వచ్చింది. 'కోతి నాతో ఆడుకుందా? ఊరినంతా ఊరికే ఏడిపిస్తున్నానా?'

ఆమె కళ్ళు తుడుచుకునే ఆ ఒక్క క్షణంలో బుచ్చి చెయ్యి బుట్టలోకి వెళ్ళింది. ఒక గుత్తి నోట్లోకి పోయింది.

వర్ధనమ్మ బుట్ట విసిరేసింది. వాడి దవడ పట్టుకుని నోట్లో వేలు పెట్టింది. వాడు కెవ్వుమని ఏడుస్తూ ఆమె వేలు కొరికాడు. రక్తం వచ్చింది. అయినా తియ్యలేదు.

"నా కొడుకుని చంపుతోంది!" అని గవరమ్మ ఆమె జుట్టు పట్టుకుని లాగింది. "వదలవే! వదులు!"

"గవరమ్మా..." అని ఒక నీరసమైన గొంతు వినిపించింది. "తియ్యనీ. వాడి నోట్లోది మొత్తం తియ్యనీ."

అందరూ తిరిగి చూశారు. సింగన్న మొహం పాలిపోయింది. నుదుటి నిండా చెమటలు. ఆయన ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో నేలమీద దొర్లిన గుత్తులను పిల్లలకు అందకుండా దూరంగా నెడుతున్నాడు. నెడుతూ నెడుతూనే వాంతి చేసుకుని పక్కకి ఒరిగిపోయాడు.

గవరమ్మ చేతిలోంచి జుట్టు జారిపోయింది. తనే కొడుకు నోరు విడదీసి పట్టుకుంది. నమలని గింజలూ కాడలూ అన్నీ వర్ధనమ్మ వేలికి వచ్చేశాయి.

సింగన్న రెండు రోజులు లేవలేదు. వర్ధనమ్మ ఆయన పక్కనే కూర్చుని గుక్కెడు గుక్కెడుగా కాచిన నీళ్ళు పట్టింది, పలచటి గంజి పట్టింది. మూడోనాడు ఆయన కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాడు. "కోడలుపిల్లా, చెట్ల మీద ఇంకా గుత్తులున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి మావయ్యా."

"అయితే పొయ్యి వెలిగించు. నడివీధిలో, అందరూ చూసేలా వెలిగించు. ఆచారం నేను మారుస్తున్నాను."

వర్ధనమ్మ కాడలు తీసింది. పచ్చికాయలు ఏరి పారేసింది. నల్లటి పండ్లను తెర్లి తెర్లి మరిగేదాకా కాచి, గుడ్డలో వడకట్టి, బెల్లం వేసింది. ఊదారంగు పానకం ఘుమఘుమలాడింది. దాన్ని మొదట తను తాగింది. ఒక పగలూ ఒక రాత్రీ ఆగింది. మర్నాడు పెద్దలు తాగారు. ఆ మర్నాడు గాని పిల్లలకు పొయ్యలేదు. బుచ్చి రెండు గిన్నెలు తాగి మూతి ఊదాగా చేసుకున్నాడు.

గవరమ్మ వర్ధనమ్మ కట్టు కట్టిన వేలు పట్టుకుని అడిగింది. "నీ పిల్లను ఇంట్లో దాచుకుని ఊరుకోవచ్చుగా వదినా? నేను నిన్ను అన్ని మాటలన్నానే!"

"దాచుకుందామనే అనుకున్నాను, గవరమ్మా" అంది వర్ధనమ్మ. "దుప్పటి కూడా తీశాను. నీ కొడుకు వచ్చి గుమ్మంలో గంతులు వేశాడు. వాడి మొహం చూశాక చేతులు రాలేదు."

గవరమ్మ ఖాళీ గిన్నె అందుకుని తనే కడిగి బోర్లించింది.

ఆనాటినుంచి ఆ లోయలో నల్లగుత్తులను కాచకుండా ఎవరూ ముట్టరు. ఏ చెట్టు కాసినా తొలికాపు పెద్దలు ముందు తింటారు, పిల్లలు చివర తింటారు. పిల్లలు దానికి మూతి ముడుచుకుంటారు. ముడుచుకోనీ అని పెద్దలు నవ్వుతారు.

కాబట్టి పిల్లలూ, ప్రమాదం తెలిసినప్పుడు తన బిడ్డనొక్కదాన్నే దాచుకుని ఊరుకోవడం జాగ్రత్త కాదు. నలుగురూ నవ్వినా సరే, నలుగురి బిడ్డల కోసం నిజం చెప్పి నిలబడడమే అసలైన జాగ్రత్త.